ఉప్పు వేయకముందు

సాయంత్రం ఆరింటికి పొయ్యి మీద పెట్టాను
నాలుగు ఆవు గిట్టలు, ఒక మోకాలి చిప్ప.
నిన్నంతా కుళాయి ధార కింద నానినవి,
కత్తి వెనకంచుతో గీకగా గీకగా
చంటిపిల్ల అరికాళ్ళలా తెల్లబడ్డవి.

గ్యుమ్రీలో ఈ రాత్రి సున్నాకి ఇరవై కింద.
కిటికీ లోపలి వైపు కూడా మంచు పేరుకుంది.

ఉప్పు వేయను.
వెల్లుల్లి వేయను, ఉల్లి అసలే వేయను.
ఖాష్ వండే పద్ధతే అంత.
కుండలో నీళ్ళూ ఎముకలూ ఓపికా,
ఎవరి ఉప్పు వాళ్ళ గిన్నెలో.
మా అమ్మ నేర్పినప్పుడు ఎందుకని అడగలేదు.
ఇంట్లో ముసలి కుక్క ఉంటే
అడగక్కర్లేదు.

తోపుష్ అంటే మా భాషలో బొద్దుగాడు.
పద్నాలుగేళ్ళ కింద పెట్టిన పేరు.
ఇప్పుడు వాడి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు,
పళ్ళయితే లెక్కపెట్టే పనే లేదు.

మా ఆయన మ్కర్తిచ్
కప్పు మీద మంచు తోస్తూ జారిపడి
ఇరవై ఆరు రోజులు.
దవడని తీగలతో బిగించారు.
రక్తపోటు చూసి ఉప్పు కూడా మాన్పించారు.
ముప్పై ఏళ్ళు నల్లరాయి మీద
పోయినవాళ్ళ పేర్లు చెక్కిన మనిషి
ఇప్పుడు మాటలన్నీ పలక మీదే,
ఒక్కో అక్షరం తూకం వేసి.
మొదటి రోజు రాశాడు:
కుక్కకీ నాకూ ఒకటేనా?
ఒకటే, అన్నాను.
ముందు దానికి. అది అలగదు.

మూడు రోజులు నా మొహం చూడలేదు.

రెండింటికి లేచి మరోసారి నురుగు తీశాను.
మంట తగ్గించాను. కుండ
నిద్రలో గొణిగే మనిషిలా గుసగుసలాడుతోంది.
పక్క గదిలో ఆయన దొర్లుతున్న చప్పుడు,
పొయ్యి దగ్గర వీడు ముక్కు ఎత్తి, దించి,
మళ్ళీ ఎత్తి.
నా ఇద్దరు మగాళ్ళూ వాసనతోనే రాత్రి గడిపారు.

తెల్లారేసరికి రసం చిక్కబడింది.
ఒక చుక్క నాలిక మీద వేసుకుంటే
పెదాలు ఒకదానికొకటి అతుక్కున్నాయి.
తోపుష్ గిన్నెలో పోసి కిటికీలో పెట్టాను,
గోరువెచ్చనయ్యేదాకా.
అప్పుడు దంచాను వెల్లుల్లి.

ఏడింటికి హ్రాచ్యా వచ్చాడు, బావమరిదిని వెంటేసుకుని,
చంకలో వోడ్కా, జేబుల్లో ముల్లంగి.
ఎండిన లవాష్ రొట్టె విరిచి గిన్నెల్లో కుక్కారు,
చిటికెడు ఉప్పు, చెంచాడు వెల్లుల్లి,
చేతులు మోచేతుల దాకా జిడ్డు.
మ్కర్తిచ్‌కి ఒక గిన్నె, ఒక గొట్టం.
ఆయన చూపు మాత్రం ఉప్పు డబ్బా మీద.

హ్రాచ్యా గ్లాసు ఎత్తాడు:
మనం ఉప్పూ రొట్టే పంచుకున్న వాళ్ళం...
అని, నాలిక కరుచుకున్నాడు.
ఎవరూ ఎటూ చూడలేదు.

మ్కర్తిచ్ గొట్టం తీసి పక్కన పెట్టాడు.
నడుం పట్టుకుని మెల్లిగా వంగాడు.
బల్ల కింద తోపుష్ గిన్నెకి
తన గిన్నె తాటించాడు.
ఠంగుమంది.
వాడు తల ఎత్తి, ఇదేదో కొత్త వడ్డన అనుకుని
ఆయన గిన్నెలోనూ మూతి పెట్టాడు.
బావమరిది నవ్వాడు. తర్వాత అందరం.
ఆయన భుజాలు కదిలాయి, బిగించిన పళ్ళ సందుల్లోంచి
ఈల లాంటిదేదో వచ్చింది.
అది నవ్వే, నాకు తెలుసు.

ఉప్పు తిన్న విశ్వాసం అంటారు.
ఈ ఇంటి ఉప్పు ఒక్క కల్లు కూడా ఎరగనివాడు
పద్నాలుగేళ్ళుగా గుమ్మానికి అడ్డం పడుకుంటున్నాడు.
వాడికి ఏం చెప్పమంటారు?

అందరూ వెళ్ళాక ఎముకలు కాగితంలో చుట్టాను.
ఉడికిన ఎముక పెళుసు, చీలి గొంతులో దిగుతుంది.
డబ్బాలో వేసి మూత మీద రాయి పెట్టాను.
తోపుష్ వెళ్ళి దాని ముందు కూర్చున్నాడు,
న్యాయం జరిగేదాకా లేవనన్నట్టు.

పలక బల్ల మీద ఉంది, జిడ్డు వేలిముద్రలతో:
వచ్చే శనివారం గిట్టలు ఆరు.
కింద, చెరిపి మళ్ళీ రాసినట్టు,
వాడికి ఇంకో గరిటె.